కాలని వత్తి

మా ఇంట్లో ఉప్పు డబ్బా మూత తీస్తే రాయి. బియ్యం డబ్బా తీస్తే రాయి. మంచం కిందికి పరక పెట్టి ఊడిస్తే కసువు రాదు, రాళ్ళొస్తాయి. నేను కాపరానికి వచ్చిన కాడ్నుంచి ఇదే గోస. ఆయప్పకు మా నాయన నన్నిచ్చి చేసినాడు గానీ, ఏదో ఒక కొండనిచ్చి చేసింటే ఇద్దరూ సుఖంగా ఉందురు.

ఆయప్పంటే మా ఇంటాయన, కుళ్ళాయప్ప. బత్తలపల్లెలో మోటరు వైండింగ్ అంగడి పెట్టుకోనుండాడు. బోర్లలో కాలిపోయిన మోటర్లు విప్పి, లోపలి రాగి తీగంతా పీకి, మళ్ళా కొత్త తీగ చుట్టిచ్చే పని. మా దిక్కు నీళ్ళు పాతాళంలో ఉంటాయి, కరెంటు దానికి బుద్ధి పుట్టినప్పుడు వస్తాది, కాబట్టి మోటర్లు కాలేదానికి కొదవ లేదు. రైతు పిలిస్తే చేనుకాడికి పోతాడు. వచ్చేటప్పుడు మోటరుతో పాటు జేబు నిండా రాళ్ళు తెస్తాడు. చొక్కాలన్నిటికీ జేబులు చినిగి వేలాడతాంటాయి, కుట్టేది నేను.

"ఏమప్పా కుళ్ళాయప్పా, వజ్రాలేమన్నా దొరికినాయా?" అని దావలో పోయేవాళ్ళంతా ఎగతాళి చేస్తారు. మా జిల్లాలో వంగి రాయి తీసిన ప్రతోన్నీ అట్లే అంటారు లెండి. ఆయప్పకు వజ్రాల మీద ఆశ లేదు. ఈ రాయి పేరేంది, దీని కడుపులో ఏముండాది, అంతే కావాల. దానికి పరీక్షలన్నీ నా వంటింట్లోనే. బాత్రూం టైలు తిప్పేసి, వెనకవైపు గరుకు మీద రాయితో గీస్తాడు. నల్లగా మెరిసే రాయి కూడా ఒక్కోసారి కుంకుమ మాదిరి ఎర్రని గీత గీస్తాది, దాంట్లో ఇనుముందని సంబరపడతాడు. మేకుతో గీకుతాడు, పగిలిన అద్దం ముక్కతో గీకుతాడు. బాత్రూం కడిగే యాసిడ్ ఒక చుక్క పోసి బుస్సుమని పొంగితే సున్నపురాయి అంటాడు. నేను పాలు కాసుకునే పొయ్యి మీద పట్టకారుతో రాయి పట్టుకోని కాలుస్తాడు. ఒకసారి అట్ల కాలుస్తాంటే రాయి ఢామ్మని పేలి, ముక్క వచ్చి పప్పులో పడె. ఆ పొద్దు నేను తిట్టిన తిట్లు వీధి చివరి దాకా వినపడినాయంట.

సరే, అవన్నీ నవ్వుకునే మాటలు. పోయినేడు ఎండాకాలంలో తిప్పేష్ అని, లారీ తోలే జతగాడు, ఒక రాయి తెచ్చిచ్చినాడు. కడప దిక్కు ఏదో మూతబడిన గని పక్కన పారబోసిన గుట్టలో దొరికిందంట. పచ్చని రాయి, మధ్యలో తెల్లని చార. ఆ చారను గోటితో గీరితే దారం మాదిరి లేస్తాండె. పట్టు కన్నా మెత్తన.

"కదిరీ, ఇట్రా మే! రాయికి వెంట్రుకలు మొలిచినాయి!" అని నన్ను కేకేసినాడు.

పోయి చూస్తే, ఆ నార పోగొకటి పట్టకారుతో మంటలో పెట్టుకోనుండాడు. మంటలో ఎర్రగా నిగనిగలాడె, బయటికి తీస్తే మళ్ళా తెల్లగా అట్లే ఉండె. కాలలే, నల్లబడలే, మసి గూడా అంటలే. చిన్నపిల్లోని మాదిరి మళ్ళా పెడతాడు, మళ్ళా తీస్తాడు. నా పాలు పొంగి పొయ్యంతా పారినాయి, అది కంటికి ఆనలే ఆ మనిషికి.

మా పక్కింటాయన నబీ సాబు కూడా వచ్చి చూసినాడు. ఆయన దూది ఏకి పరుపులు కుట్టే మనిషి. మా ఊరి పీర్ల చావిడికి ముజావరు కూడా ఆయనే. పండగకు పీర్లను నిలిపేది, దీపం పెట్టేది, జనం తెచ్చిన చక్కెర మీద చదివింపులు చేసేది, అంతా వాళ్ళ వంశందే. మా ఇంటాయనకూ ఆయనకూ చిన్నప్పట్నుంచి ఒకే కంచం. దూది ఏకే మనిషికి అట్లాంటి నార దొరికితే ఊరకుంటాడా? మా వాకిట్లోనే చాట తెప్పించుకోని, వేళ్ళతో విడదీసి విడదీసి, రాతిని దూది చేసి పెట్టినాడు. నేను పక్కన కూర్చోని శెనక్కాయలు ఒలుస్తాంటి. ఆ నార నా కొంగుకంతా అంటుకునె. దులుపుకోని లేస్తి.

"కుళ్ళాయప్పా, దీన్ని వత్తి చేస్తే?" అన్నాడు నబీ సాబు.

పీర్ల పండగ మాకు గాలికాలంలో వచ్చినాది. చావిడి తలుపుకు ఎదురుగాలి. పండగ అయ్యేదాకా దీపం కొండెక్కకూడదు. దూది వత్తి కాలి కాలి పొట్టిదైపోతాది, గంటగంటకూ మార్చాల, సాబుకు నిద్ర ఉండదు. ఈ వత్తయితే నూనె పోస్తాంటే చాలు. ఇద్దరూ కలిసి బొటనవేలంత లావు వత్తి పేనినారు. పండగంతా ఆ ఒక్క వత్తే వెలిగె. గాలికి ఊగుతాది గానీ ఆరదు, తరగదు.

అంతే, ఊరు గుప్పుమనె. కాలని వత్తి, స్వామి మహిమ! పక్క ఊర్ల నుంచి ఆటోలు కట్టుకోని వచ్చినారు. చక్కెర, బెల్లం, నూనె డబ్బాలు. హిందువులని లేదు, సాయిబులని లేదు, ఏసును నమ్మేవాళ్ళు గూడా వచ్చి చేతులు జోడించి పోయినారు. మా దిక్కు అంతే, పీర్లు అందరివీ. మా ఇంటాయన నవ్వు ఆపుకోలేక, "ఇది రాయి అని చెప్పేస్తా సాబూ" అన్నాడు. నబీ సాబు ఆయప్ప చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "పండగ నడిమిట్లో ఏంటికప్పా. జనం సంతోషంగా ఉండారు, ఉండనీ" అన్నాడు. జతగాని మాట తీసెయ్యలేక ఈయన గమ్మునుండిపోయినాడు.

పీర్ల గుండంలో బూడిద నొసట పెట్టుకోని ఇంటికి తీసుకపోయే మనుషులం మేము. కాలని వత్తిని వదులుతామా? పండగయినాక, "ఒక పోగియ్యి సాబూ, ఒకే ఒక పోగు" అని వెంటబడినారు. లేదనలేక నబీ సాబు మిగిలిన నారంతా చిటికెడు చిటికెడు పంచినాడు. జనం దాన్ని గుడ్డలో పెట్టి కుట్టి, తాయెత్తులు చేసి పిల్లల మెడల్లో కట్టుకున్నారు. రంజాన్ బీ, అంటే నబీ సాబు ఇంటామె, ఆమె కూడా కట్టినాది వాళ్ళ మనవరాలు సిమ్రాన్‌కు. రాయి సంగతి ఆమెకు తెల్దు. మొగుడు చెప్పలే.

సిమ్రాన్ సంగతి చెప్పాల. అమ్మానాయన ధర్మవరంలో మగ్గం పనికి పోతాంటే పాప జేజి తాతల దగ్గరే ఉంటాది. ఇంకా బడికి పోయే వయసు గాదు. మాటల్తో మాత్రం మా అందర్నీ అమ్మి తిరిగి కొంటాది. పాపం, ఆ బిడ్డకు రొమ్ములో పిల్లికూతలు. ఇంట్లో దూది దుమ్ముకో, ఏమో, చలికాలం వస్తే ఊపిరందక పక్కటెముకలు ఎగరేస్తాండె. రంజాన్ బీ భుజానేసుకోని ఆస్పత్రికి పరిగెత్తేది, పాప మూతికి మందుపొగ గొట్టం పెట్టించుకోని వచ్చేది. తాయెత్తు కట్టిన ఏడాది చలికాలంలో పాపకు ఒక్కసారి గూడా ఆయాసం రాలే. ఎందుకు రాలేదో దేవునికే తెలియాల. రంజాన్ బీకి మాత్రం తెలిసిపోయింది, స్వామి కాపాడినాడు.

ఎండలు ముదిరే కాలానికి మా ఇంటాయన కొత్త ఫోను కొన్నాడు. దాంట్లో రాళ్ళు ఏరుకునే వాళ్ళదంతా ఒక గుంపుండాదంట, అందులో చేరినాడు. పొద్దస్తమానం రాళ్ళ ఫోటోలే. ఒకరోజు ఇంట్లో మిగిలిన రాయిలోంచి పోగు పీకి మంటలో పెట్టి, వీడియో తీసి, గొప్పగా పంపినాడు. అన్నం కలుపుకుంటాంటే ఫోను మోగె. హైదరాబాదు నుంచి గౌతమి అని, ఖనిజాల పరీక్షల పని చేసే ఆమె. గుంపులో ఉండేదే గానీ ఎప్పుడూ మాట్లాడలేదంట.

"అన్నా, ముందు ఆ రాయి మీద తడిగోనె కప్పండి. తర్వాత మాట్లాడదాం" అనినాది.

ఫోను పెద్దగా పెట్టినాడు, నేనూ వింటాంటి. అది రాతినారంట, ఇంగ్లీషులో ఆస్‌బెస్టాస్ అంటారంట. ఇంటి కప్పు రేకుల్లో కలుపుతారంట. ఆ పోగులు విడదీస్తే కంటికి కనపడనంత సన్నవి గాల్లో తిరుగుతాయి, ఊపిరితో లోపలికి పోతాయి, పోయినవి మళ్ళా బయటికి రావంట. మంటలో కాలనిది మనిషి రొమ్ములో ఎట్ల కరుగుతాదన్నా, అనినాది. అందరికీ ఏమన్నా అవుతాదని కాదు. అవ్వొచ్చు, కాకపోవచ్చు. అయ్యేది ఇరవై ముప్ఫై ఏండ్లకు బయటపడొచ్చు. పరకతో ఊడ్చొద్దు, నోటితో ఊదొద్దు, పిల్లల దగ్గరికి రానీవొద్దు.

పిల్లల దగ్గరికి అనంగానే ఆయప్ప చెయ్యి కంచంలో ఆగిపాయె.

నా కొంగు సంగతి నాకు గుర్తుకొచ్చె. అయినా నాకు యాభై దాటినాయి, ఇంకో ముప్ఫై ఏండ్లకు ఏమైతే ఏమిలే. ఆ పాపకు ముప్ఫై ఏండ్లంటే? అప్పటికి తన పిల్లలకు అన్నం పెట్టే వయసు.

తడిగోనె కప్పి, చెయ్యి కడుక్కోని, ఆ పొద్దే నబీ సాబు దగ్గరికి పోయినాము. ఆయన పరుపు కుడతాండె. అంతా విని, సూది పక్కన పెట్టి మా ఇంటాయన ముఖంలోకి చూసినాడు.

"రాయేం చేస్తాదప్పా? మనం రాళ్ళ మీదే పుట్టినాం, రాళ్ళ మీదే పండుకుంటాం."

"నాకూ తెల్దు సాబూ, ఇప్పుడు తెలిసింది. పాప మెడలో ఉండేది తీసెయ్. తక్కింది తర్వాత చూస్తాం."

"ఈ చలికాలం పాప ఒక్కసారన్నా ఆస్పత్రికి పోయిందా? నువ్వే చెప్పు."

"పోలేదు. అయినా తీసెయ్."

"ఏమని చెప్పి తీసేది?" నబీ సాబు గొంతు తగ్గించినాడు. "అది రాయని ఆమెకు చెప్పాల్నా? ఊరికి చెప్పాల్నా? పండగంతా వాళ్ళతో మొక్కించినానని? రేపు నేను పీరు ఎత్తితే నా వెనక ఎవరన్నా నడుస్తారా కుళ్ళాయప్పా?"

నాకు ఒళ్ళు మండిపాయె. "పీరు ఎత్తేది తర్వాతన్నా, ముందు బిడ్డను చూడు" అంటి. ఆయన తల దించుకున్నాడు. ఏదో ఒకటి చెప్పి రేపు తీసేస్తాలే అన్నాడు.

తెల్లారి పాప వాకిట్లో ఆడుకుంటాండె. మెడలో తాయెత్తు అట్లే ఉండె. మర్రోజూ అంతే. మా ఇంటాయన అంగడికి పోలే. కూడు సయించలే. ఇంట్లో ప్రతి మూలా తడిగుడ్డతో తుడిచినాడు, మళ్ళా తుడిచినాడు. వాకిట్లో పాప దగ్గినా ఉలిక్కిపడతాడు. చివరికి తనే పోయి రంజాన్ బీని అడిగినాడు.

"అక్కా, ఆ తాయెత్తు మంచిది కాదు, తీసెయ్."

ఆమె పాపను దగ్గరికి లాక్కునె. "స్వామి ఇచ్చింది తీయమంటావా తమ్ముడూ? కుళ్ళాయప్పని నీకు మీ అమ్మ పెట్టింది మన పీరు స్వామి పేరే కదా? నీ నోట ఈ మాట ఎట్లొచ్చింది?" అనినాది. పాప ఊపిరందక నీలం రంగుకు తిరిగిన రోజులు ఆమె చూసినాది, మేము చూడలే.

ఇంటికొచ్చి ఆయప్ప రాయి మీది గోనె మళ్ళా తడిపినాడు. "నా పరీక్ష అందరి కండ్ల ముందర చేసి చూపిస్తా కదిరీ. రాయిలోంచి నార పీకి, మంటలో పెట్టి చూపిస్తే, మహిమ గాదని వాళ్ళే నమ్ముతారు. అప్పుడు చెడ్డదన్నా నమ్ముతారు" అన్నాడు. నాకూ సరే అనిపించె. అంతకు మించి తెలివి మా ఇద్దరికీ లేకపాయె.

సాయంత్రం చావిడి కట్ట మీద జనం కూర్చునే యాళకు తడిగోనెలో రాయి పట్టుకోని పోయినాము. నేను బిందెతో నీళ్ళు పట్టుకుంటి. ఆయప్ప మూతికి తడి తువ్వాలు కట్టుకోని, అందర్నీ దూరంగా ఉండమన్నాడు. రాయి చూపించినాడు. ఒక పోగు పీకినాడు. లైటరు వెలిగించి దాంట్లో పెట్టినాడు. ఎర్రగా అయ్యి, మళ్ళా తెల్లనాయె.

"చూసినారు కదా. చావిట్లో వెలిగింది ఇదే. రాయి ఇది. మహిమ లేదు, ఏమీ లేదు. ఊపిరితిత్తులకు చెడ్డది. ఎవరి దగ్గర ఎంతుంటే అంత తెచ్చి నాకియ్యండి, మీ కాళ్ళు పట్టుకుంటా."

సిద్దమ్మవ్వ అని, కట్ట మీద ముందర్నే కూర్చుంటాది, ఆమె కండ్లు పెద్దవి చేసి లేచి నిలబడె. రెండు చేతులు జోడించె.

"అయ్యో స్వామీ! రాతిలో పుట్టి మా ఊరికి నడిచొచ్చినావా!"

అంతే. ఒకాయన "నిజమే కదప్పా" అన్నాడు. ఇంకొకామె కొంగు చాపి ముందుకొచ్చె. "నాకు పోయినసారి అందలే, ఒక పోగియ్యి కుళ్ళాయప్పా!" వెనకనుంచి ఇంకొకరు, ఇంకొకరు. "వద్దు, ముట్టుకోవద్దు!" అని ఈయన అరుస్తానే ఉండాడు, తువ్వాలు మూతికి ఉండేసరికి ఆ మాట ఎవరికీ అర్థం కాలే. గోనె లాగినారు. రాయి కిందపడి రెండు పెచ్చులాయె. లోపల పొడిగా ఉండె. దాన్ని గోళ్ళతో గీకేవాళ్ళు గీకుతాండ్రి, చంటిబిడ్డ నొసటికి రాసేవాళ్ళు రాస్తాండ్రి. పడమటి ఎండలో ఆ నార సన్నగా మెరుస్తా పైకి లేచె. బిందె ఎత్తి నీళ్ళన్నీ వాళ్ళ చేతుల మీద, నెత్తిన, రాయి మీద కుమ్మరిస్తి. "తిక్కదానా, ఏం పనే ఇది" అని తిట్టినారు, తిట్టనీ. మా ఇంటాయన మట్టిలో మోకాళ్ళ మీద కూర్చోని, ఆ పెచ్చుల మీద అడ్డం పడుకోని ఏడుస్తాండె. నేను ఆయప్పను అట్ల ఎప్పుడూ చూడలే.

అప్పుడు నబీ సాబు కట్టెక్కినాడు.

"అందరూ ఇనండి! అది రాయే. నాకు ముందే తెలుసు. వత్తి పేనింది ఈ చేతులే. స్వామి పేరు చెప్పి మిమ్మల్ని మోసం చేసింది నేను, కుళ్ళాయప్ప గాదు. రేపట్నుంచి పీరు ముట్టను, వేరే ఎవర్నన్నా చూసుకోండి. ఆ నార మాత్రం కింద పారేయండి."

ఒకాయన కాండ్రించి ఉమ్మేసినాడు. కొందరు చేతిలో ఉండేది కింద వేసి, చెయ్యి చీరకు తుడుచుకోబోతే నేను నీళ్ళలోనే కడుక్కోమంటి. కొందరు పిడికిలి మూసుకోని ఇంటి దావ పట్టినారు. వాళ్ళను ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

రంజాన్ బీ గుంపు వెనక నిలబడుండె. మొగుని మాటలన్నీ విన్నాది. చెప్పులు గూడా తొడుక్కోకుండా ఇంటికి నడిచె. వెనకాలే నబీ సాబు, మేము. సిమ్రాన్ పరుపుల మీద కూర్చోని బొమ్మకు గుడ్డ చుడతాండె. రంజాన్ బీ కత్తెర తీసుకోని పాప మెడలో దారం కత్తిరించె. మా ఇంటాయన తడిగుడ్డ పరిచి పట్టుకున్నాడు.

"దీంట్లో వెయ్యక్కా, నలపొద్దు."

ఆమె వెయ్యబోయి ఆగె. వేళ్ళతో తాయెత్తు ఒత్తి చూసె. మళ్ళా ఒత్తె.

"కుళ్ళాయప్పా, దీంట్లో ఏమీ లేదే?"

తిప్పి చూస్తే కింద కుట్టు ఊడి, పాప చిటికెనవేలు పట్టేంత సందుండె. లోపల ఒట్టి గుడ్డ.

"యాడబోయిందమ్మా దీంట్లో ఉండేది?" అని రంజాన్ బీ అడిగె.

ఇంతమంది తన దగ్గరికి వచ్చినారని పాపకు ఒకటే సంతోషం. "పండుకునేటప్పుడు రోజూ కొంచెం తీస్తా జేజీ. ఉఫ్ అని ఊదితే పైకి పోతాది. మెల్లగా కిందికొస్తాది. అప్పుడు నేను నోటితో పట్టుకుంటా" అని, ఎట్ల పట్టుకుంటాదో మాకు చూపించేదానికి తల వెనక్కి వంచి, నోరు పెద్దగా తెరిచె.

రంజాన్ బీ అరచేత్తో ఆ నోరు మూసినాది.